దామెర్ల ఇంటి కుంచెలు

ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఇంకో నెల బతికి ఉంటే నిండేవి. అప్పటికే ఆయన బొమ్మల్ని బొంబాయి చూసింది, కలకత్తా చూసింది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన దాకా కూడా అవి వెళ్లొచ్చాయి. సొంత ఊళ్లో చిత్రకళకు ఒక బడి మొదలైంది. ఇంట్లో భార్య కుంచె పట్టింది, సోదరీ పట్టింది. సరిగ్గా అలాంటి రోజుల్లో, 1925 ఫిబ్రవరి 6న, దామెర్ల రామారావు గారు మశూచితో కన్నుమూశారు.

తెలుగు చిత్రకారుల పేర్లు చెప్పమంటే మనలో చాలామంది బాపు గారి దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. ఇంకా పెద్దవాళ్లయితే వడ్డాది పాపయ్య గారి పేరు చెబుతారు, చందమామ ముఖచిత్రాలు గుర్తొచ్చి. దామెర్ల పేరు మాత్రం గోదావరి జిల్లాలు దాటితే తెలిసినవాళ్లు తక్కువే. నాకు తెలిసిందంటే అందులో నా గొప్పేం లేదు. మా పుట్టిల్లు కొవ్వూరు. రేవులో నిలబడితే అవతలి ఒడ్డున రాజమండ్రి. అక్కడ ఆయన పేరున ఒక చిత్రశాల ఉందని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను.

నన్ను పెద్ద చిత్రకారిణి అనుకునేరు! పిల్లల చదువులు అయిపోయాక, మావారి ఉద్యోగం కోసం వచ్చి స్థిరపడ్డ ఈ నిజాంపేటలో, మూడో అంతస్తు బాల్కనీలో, ఆదివారం పూట నూనె రంగులు ముందేసుకుని కూర్చునే ఇల్లాలిని. ముఖాలు గీస్తాను. వసంతం వస్తే పూలు గీస్తాను. అంతే నా విద్య. మా అపార్ట్‌మెంటులోనే హైటెక్ సిటీ ఆఫీసులకు వెళ్లే అమ్మాయిలు ఇద్దరు నాతోపాటు కూర్చుంటారు. వాళ్లకి వాన్ గో తెలుసు, పొద్దుతిరుగుడు పూలూ తెలుసు. దామెర్ల ఎవరని అడిగితే ముఖముఖాలు చూసుకున్నారు. వాళ్లకి చెప్పినదే ఇక్కడ మీకూ చెబుతున్నాను.

కూల్డ్రే దొర కంటబడ్డ కుర్రాడు

రామారావు గారు పుట్టింది 1897 మార్చి 8న, రాజమండ్రిలో. గోదావరి మీద మొదటి రైలు వంతెన, అదే మన హేవలాక్ వంతెన, పని మొదలైంది కూడా ఆ ఏడాదే. 1900లో దాని మీద రైళ్లు తిరిగాయి. అంటే ఆయన పసితనమంతా నదిలో స్తంభాలు లేవడం చూస్తూ గడిచిందన్నమాట. ఊరు కూడా అలాంటిదే, ఎప్పుడూ ఏదో ఒకటి కొత్తగా కడుతూ ఉండే ఊరు. కందుకూరి వీరేశలింగం గారు 1874లోనే పక్కనున్న ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. 1881 డిసెంబర్‌లో తొలి వితంతు వివాహం ఇదే రాజమండ్రిలో జరిపించారు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి. ఆ గాలి పీల్చిన ఊరు కాబట్టే తరువాత దామెర్ల వారి ఇంట్లో జరిగింది జరిగిందని నాకనిపిస్తుంది.

ఆ రోజుల్లో బొమ్మలు గీసే పిల్లాడంటే ఇంట్లోవాళ్లకి ఒకటే బెంగ. చదువు అటకెక్కుతుందని! గీత గీస్తే కూడు పెడుతుందా? ఆ మాటకొస్తే ఈనాటికీ మన ఇళ్లలో ఆ బెంగ పోలేదు లెండి. రామారావు గారికి మాత్రం ఒక అదృష్టం కలిసొచ్చింది. 1909లో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన వచ్చారు. పేరుకు కాలేజీ ప్రిన్సిపాల్ గానీ మనసంతా బొమ్మల మీదే. తనూ గీసేవారు, రాసేవారు. పుస్తకాల్లో వెనకబడ్డా గీతలో ముందున్న పిల్లల్ని వెతికి పట్టుకోవడం ఆయనకో సరదా. మన అడివి బాపిరాజు గారు కూడా ఆ దొర చేతికింద పెరిగినవారే. నారాయణరావు, గోన గన్నారెడ్డి రాసిన బాపిరాజు గారు చిత్రకారుడు కూడా అని ఎంతమందికి గుర్తుందో!

కూల్డ్రే చేసిన గొప్ప పని ఏమిటంటే, ఈ పిల్లలకు అజంతా చూపించడం. విలాయతీ బొమ్మల పుస్తకాలు చూపించి అవి కాపీ చేయమనలేదు. రెండువేల ఏళ్ల నాటి గోడల మీద మన వాళ్లే గీసిన బొమ్మల ముందు నిలబెట్టారు. అజంతా గోడల మీది ఆడవాళ్లను చూస్తే మీకు ఒకటి తెలుస్తుంది. వాళ్లు తెల్లగా ఉండరు. చామనఛాయ, నలుపు, ఆకుపచ్చ తిరిగిన నలుపు... అందరూ అందంగానే ఉంటారు. తలలో పూలు, మెడలో ముత్యాలు, అరమూసిన కళ్లు. ఆ చూపు రామారావు గారిని చివరిదాకా వదల్లేదు.

తరువాత బొంబాయి. 1916లో సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. ఆ స్కూలు అప్పటికే పేరు మోసింది. 1857 నుంచీ ఉంది. జంగిల్ బుక్ రాసిన రుడ్యార్డ్ కిప్లింగ్ పుట్టింది ఆ ఆవరణలోనే, వాళ్ల నాన్నగారు అక్కడ మాస్టారు. మా పాప ఆ పుస్తకం చదువుతున్నప్పుడు ఈ సంగతి చెబితే నమ్మలేదు. ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ ఈ తెలుగు కుర్రాడి పనితనం చూసి, అందరిలా మొదటి తరగతి నుంచి కాకుండా నేరుగా పై తరగతిలో కూర్చోబెట్టారు. 1920 నాటికి చదువు పూర్తయింది.

ఒంటి రంగు ఏ ట్యూబులో ఉంటుంది?

ఇక్కడ కాస్త నూనె రంగుల సంగతి చెప్పాలి. నాకు తెలిసిందీ అదే కదా!

బొంబాయి స్కూల్లో నేర్పేది విలాయతీ పద్ధతి. ముందు పెన్సిల్‌తో గ్రీకు విగ్రహాల ప్లాస్టర్ నమూనాలు గీయడం, వెలుగునీడలు పట్టుకోవడం, తరువాత మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీయడం, ఆపైన నూనె రంగులు. మన దేశంలో నూనె రంగుల్లో ముఖచిత్రాలంటే అప్పటికి రాజా రవివర్మ పేరే. ఆయన పోయింది 1906లో, రామారావు గారికి తొమ్మిదేళ్లప్పుడు. రవివర్మ లక్ష్మి, సరస్వతి పటాలు అచ్చయి మన పూజగదుల్లోకి వచ్చేశాయి. ఆ చీరల జరీ, ఆ నగల మెరుపు నూనె రంగుల మహిమే.

నూనె రంగంటే ఏమిటి? రంగు పొడిని అవిసె నూనెలో నూరడం. అది నీటి రంగులా నీరు ఆవిరై ఎండదు. నూనె గాలిని పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది. అందుకే పైకి ముట్టుకుంటే ఆరినట్టుండడానికే రోజులు పడుతుంది, లోపల గట్టిపడడానికి నెలలు. కింద పూతలో టర్పెంటైన్ ఎక్కువ, నూనె తక్కువ ఉండాలి. పై పూతలో నూనె ఎక్కువ. తిరగేస్తే ఏమవుతుందో తెలుసా? పై పొర ముందు బిగుసుకుని, కింది పొర ఇంకా కదులుతుంటే, బొమ్మ ముఖం మీద బీటలు! ఆవకాయ జాడీలో నూనె పైకి తేలి ఉండాలంటాం చూడండి, ఇదీ అంతే అని మా వాళ్లకి చెబుతుంటాను.

ఇక ముఖం రంగు. షాపులో ఫ్లెష్ టింట్ అని ఒక ట్యూబు అమ్మేవారు. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ ముందు అదే కొంటారు. తీసి చూస్తే గులాబీ కలిసిన తెలుపు. ఎవరి ఒంటి రంగండీ అది? మన ఇంట్లో ఒక్కరికైనా ఉందా? మన ముఖాలకు ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, కొంచెం ఎరుపు, నీడలో అల్ట్రామెరీన్ నీలం కావాలి. తెలుపు చివర్లో, జాగ్రత్తగా. చెంప మీద వెలుగు పడే చోట పసుపు, దవడ కింద నీలం తిరిగిన గోధుమ రంగు. నుదుటి మీద కుంకుమ పెట్టేటప్పుడు చెయ్యి వణకకూడదు, ముఖమంతా ఆ చుక్క చుట్టూ నిలబడుతుంది కాబట్టి.

రామారావు గారు విలాయతీ పద్ధతి అంతా నేర్చుకున్నారు. నూనె రంగులూ, నీటి రంగులూ రెండింట్లోనూ చెయ్యి తిరిగింది. కానీ ఆయన బొమ్మల్లో మనుషులు గ్రీకు విగ్రహాల్లా ఉండరు. మన నడక, మన కూర్చునే తీరు, మన కట్టుబొట్టు. చదువయ్యాక ఆయన గుజరాత్, కథియవార్ వైపు తిరిగారు. అహ్మదాబాద్ చిత్రకారుడు రవిశంకర్ రావల్‌తో స్నేహం ఆ రోజుల్లోదే. అక్కడి పల్లె జనం, వాళ్ల ఘాగ్రాలు, తలపాగాలు ఆయన కంటికి విందు. ఎక్కడికెళ్లినా స్కెచ్ పుస్తకం చేతిలోనే.

అప్పట్లో మన దేశంలో చిత్రకారుల మధ్య పెద్ద వాదం ఉండేది. బెంగాల్‌లో అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యులు విలాయతీ నూనె రంగుల్నే కాదన్నారు. పొగమంచులాంటి పలచటి నీటి రంగుల్లో, కాగితాన్ని తడిపి ఆరబెట్టి, మళ్లీ తడిపి గీసేవారు. మన బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలకు అక్కడినుంచి ప్రమోద కుమార్ చటర్జీ వచ్చి ఆ పద్ధతి నేర్పారు. బాపిరాజు గారు అటు వెళ్లారు. బొంబాయి వాళ్లు వెలుగునీడలు, కండపుష్టి అంటారు. రామారావు గారు ఈ రెండు గట్లకూ చెందకుండా మధ్యలో గోదావరిలా పోయారు. బొమ్మలో ఒంటి పొంకం బొంబాయిది, గీత వంపు అజంతాది, విషయం మనది. నాకు మాత్రం ఇదే ఆయన గొప్ప. ఒకరి మీద కోపంతో ఇంకొకరి పక్షాన చేరలేదు.

పువ్వు వాడేలోపు

ఆయన బొమ్మల్లో బాగా పేరున్నది పుష్పాలంకరణ. పేరులోనే ఉంది కదా విషయం. ఆడవాళ్లు, పూలు, సింగారం. అందులో యుద్ధం లేదు, దేవుడు లేడు, రాజు లేడు. మనం రోజూ సాయంత్రం చేసుకునే పని. మల్లెచెండు తెచ్చి, చిక్కు తీసి, జడ వేసి, పూలు ముడుచుకోవడం. దాన్ని బొమ్మకు తగిన విషయం అని 1920లలో ఒక ఇరవై దాటిన కుర్రాడు అనుకోవడమే నాకు ఇష్టం. పురాణాలు గీసేవాళ్లకు కొదవ లేదు. జడను గీసేవాళ్లేరీ?

పురాణం ఆయన గీయలేదని కాదు. సిద్ధార్థ రాగోదయం ఉంది. బుద్ధుడు కాకముందు సిద్ధార్థుడి మనసులో ప్రేమ పుట్టిన క్షణం అది. అందరూ ఇల్లు విడిచిన రాత్రిని గీస్తే ఈయన ఇల్లు కట్టుకోవాలనిపించిన వేళను గీశారు! ఋష్యశృంగ బంధనం ఉంది. ఆడదాని ముఖమే చూడకుండా అడవిలో పెరిగిన ముని కొడుకును, వానలు లేక ఎండిపోయిన అంగ దేశానికి తీసుకురావడానికి వేశ్యలు వెళ్లిన కథ. నందిపూజ ఉంది, కృష్ణలీల ఉంది. ఋష్యశృంగుడి బొమ్మకు కలకత్తా ప్రదర్శనలో బహుమతి వచ్చింది. ఈ కథల్లోనూ చూడండి, ముందు నిలబడేది ఆడవాళ్లే.

పూలు గీయడం ఎంత కష్టమో ఒక్కసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది. ముఖమైనా నయం, మనిషిని బతిమాలి మళ్లీ వారం కూర్చోబెట్టవచ్చు. పువ్వును బతిమాలలేం. ఫిబ్రవరి చివర మా వైపు రాళ్ల గుట్టల మీద కొండగోగు పూస్తుంది. ఆకు ఒక్కటి ఉండదు, బోడి కొమ్మ చివర చేటంత పసుపు పువ్వు. బాచుపల్లి దాటి ఊళ్ల వైపు వెళితే అక్కడక్కడ మోదుగ ఇంకా మిగిలే ఉంది. బూరుగ ఎర్రటి పూలు నేల మీద పడి మెత్తగా ఉంటాయి. కొత్త రోడ్ల పక్కన ఈ మధ్య నాటిన గులాబీ టబేబుయా చెట్లు ఒక్క వారం కళ్లు చెదిరేలా పూసి ఊరుకుంటాయి. ఆ తరువాత మామిడి పూత పిందె అవుతుంది, ఉగాదికి వేపపువ్వు రాలుతుంది.

మోదుగ కొమ్మ తెచ్చి సీసాలో పెడితే సాయంత్రానికి సగం రాలిపోతుంది. నూనె రంగేమో మొదటి పూత ఆరడానికే మూడు నాలుగు రోజులు. ఎలా మరి? ఉపాయం ఒకటే, ముందు పెన్సిల్‌తో కొమ్మ వంపు, పువ్వు ముక్కు వంపు పది రకాలుగా గీసి పెట్టుకోవాలి. పక్కన చిన్న కాగితం మీద రంగు మచ్చలు వేసుకోవాలి. మోదుగ రంగు ఎరుపు కాదు, నారింజ కాదు, మొదలు దగ్గర నల్లటి ముఖమల్ తొడిమ. ఆ తొడిమ నలుపు లేకపోతే నారింజ మండదు. ఇవన్నీ రాసుకుని, పువ్వు పోయాక, తీరిగ్గా నూనె రంగుల్లో కూర్చోవాలి.

రామారావు గారు వదిలి వెళ్లిన వాటిలో పూర్తయిన చిత్రాల కన్నా పెన్సిల్ స్కెచ్‌లు ఎన్నో రెట్లు ఎక్కువ. చేతులు, పాదాలు, కూర్చున్న ఆవులు, చెట్లు, నది ఒడ్డు, తల వంచిన ఆడవాళ్లు. అవి చూశాకే నాకు ఒకటి అర్థమైంది. పుష్పాలంకరణలో ఆ నెమ్మది ఒక్క రోజున కూర్చుంటే వచ్చింది కాదు. ఎన్నో సాయంత్రాలు, ఎన్నో తలలు వంగడం చూసి చూసి పట్టుకున్నది.

బడి ఇంటికే వచ్చింది

బొంబాయిలో చదివి పేరు తెచ్చుకున్నవాడు బొంబాయిలోనే ఉండిపోవచ్చు. పోర్ట్రెయిట్లు గీయించుకునే సంస్థానాధీశులకు, షావుకార్లకు అక్కడ కొదవ లేదు. ఆయన రాజమండ్రి వచ్చేశారు. 1920ల మొదట్లో చిత్రకళా పాఠశాల మొదలుపెట్టారు. ఆంధ్ర సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్స్ అని ఒక సంఘం కూడా ఏర్పడింది. వరదా వెంకటరత్నం గారు ఆయనకు స్నేహితుడూ, శిష్యుడూ. ఆయన పేరు గుర్తుంచుకోండి, ముందుముందు పనుంది.

మన పేజీకి అసలు కావలసిన సంగతి ఇదిగో. ఆయన భార్య సత్యవాణి గారు చిత్రకారిణి. సోదరి బుచ్చికృష్ణమ్మ గారు చిత్రకారిణి. వందేళ్ల కిందట, ఆడపిల్లను రైలెక్కించి బొంబాయి పంపి బొమ్మలు నేర్పించే రోజులు కావవి. అక్కడి తరగతిలో ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి గీస్తారంటే ఏ తల్లిదండ్రులూ గుమ్మం దాటనివ్వరు. మరి ఈ ఇద్దరికీ బొంబాయి చదువు ఎలా అందింది? అన్న నేర్చుకొచ్చాడు, భర్త నేర్చుకొచ్చాడు, ఇంటి అరుగు మీదికే ఆ చదువు వచ్చింది.

మీరు మన ఇళ్లు తలుచుకోండి. మగవాడు బయట ఎంత పెద్ద విద్వాంసుడైనా ఇంట్లో ఆ విద్య గడప దాటి వంటింట్లోకి రాదు. సంగీత విద్వాంసుల ఇళ్లల్లో భార్య తంబురా సర్దడంతో సరి. బొమ్మలు గీసేవాడి ఇంట్లో అయితే కుంచెలు కడగడం, రంగు మరకల చొక్కాలు ఉతకడం. దామెర్ల వారి ఇంట్లో కుంచె కడిగిన చేతే కుంచె పట్టింది. ఆ బొమ్మలు పెళ్లిలో పెట్టిన చీరల్లా పెట్టె అడుగున మగ్గిపోలేదు కూడా. సత్యవాణి గారివీ, బుచ్చికృష్ణమ్మ గారివీ రాజమండ్రి చిత్రశాలలో గోడ మీదికి వచ్చాయి. ఈ దేశంలో ఆడవాళ్ల నూనె రంగుల కథ చెప్పేవాళ్లు అమృతా షేర్‌గిల్ దగ్గర మొదలుపెడతారు. అమృత 1913లో పుట్టింది. పారిస్‌లో చదివి 1934లో మన దేశం వచ్చింది. హైదరాబాద్‌కూ వచ్చింది ఒకసారి, 1930లలో. 1941లో లాహోర్‌లో పోయింది. ఆమెకీ ఇరవై ఎనిమిదేళ్లే, ఎంత విచిత్రమో చూడండి. ఆమె ప్రతిభకు చేతులెత్తి దణ్ణం. కానీ ఆమె పారిస్‌కి బయల్దేరక ముందే మన గోదావరి ఒడ్డున ఇద్దరు తెలుగు ఇల్లాళ్లు బొమ్మలు గీస్తున్నారన్నది మనం ఎక్కడా చెప్పుకోం.

వేపమండ కట్టిన గుమ్మం

వసంతం పూలతో వస్తుందని కవులు చెబుతారు. మన అమ్మమ్మలకు వసంతం అంటే ఇంకో భయం. చలి వెళ్లి ఎండ ముదిరే ఆ రెండు మూడు నెలల్లోనే మశూచి విజృంభించేది. బెంగాలీలో ఆ జబ్బు పేరే వసంతం! మనం పేరు పలకడానికి కూడా భయపడి అమ్మవారు పోసిందనేవాళ్లం. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. పోపు వేసేవారు కాదు. బయటివాళ్లను రానిచ్చేవారు కాదు. ఒంటికి పసుపు, వేపాకు. టీకా ఈ దేశానికి 1802లోనే వచ్చినా వేయించుకోనివాళ్లు, వేయించుకున్నా మళ్లీ వేయించుకోవాలని తెలియనివాళ్లు ఎంతోమంది. ఒక్కసారి వేసిన టీకా బలం కొన్నేళ్లకు తగ్గిపోతుంది మరి.

మా అత్తయ్యగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. చిన్నప్పుడు ఆవిడకి పెద్దమ్మవారు పోసింది. బతికి బయటపడ్డారు, ముఖం నిండా మచ్చలు మిగిలాయి. పెళ్లినాటి ఫొటో ఒకటుంది. స్టూడియోవాళ్లు ఆ రోజుల్లో నెగెటివ్ మీదే పెన్సిల్‌తో దిద్దేవారు కదా, మచ్చలన్నీ మాయం చేసి పాలరాతి బొమ్మలా చేసిపెట్టారు. ఆ ఫొటో చూసినప్పుడల్లా ఆవిడ, ఇదెవరో పరాయి పిల్ల అంటూ నవ్వుతారు. నేను ఆవిడ బొమ్మ నూనె రంగుల్లో మొదలుపెట్టాను. తూర్పు బాల్కనీ వెలుగులో ఇరవై నిమిషాలు కూర్చుంటారు, తరువాత కునుకు. మచ్చలు వేయనా వద్దా అని అడిగితే, వేయకపోతే నేనని ఎవరు గుర్తుపడతారన్నారు. ప్రతి మచ్చకీ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. చిన్న కుంచెతో ఒక్కొక్కటీ. అది వేస్తుంటే రామారావు గారు గుర్తొస్తారు. అదే జబ్బు. ఈవిడను వదిలింది, ఆయన్ను వదల్లేదు.

1925 ఫిబ్రవరి మొదటివారం. మామిడి పూత విరగబూసి, బూరుగ మొగ్గ వేసే వేళ. ఆ జబ్బు దారి ఎలా ఉంటుందంటే, సోకాక పది పన్నెండు రోజులు ఏమీ తెలియదు. తరువాత ఎడతెరిపి లేని జ్వరం, నడుం నొప్పి, ఆపైన ముఖం మీద, చేతుల మీద పొక్కులు. అరిచేతుల్లో కూడా! మందు లేదు. రక్షించుకోవడం తప్ప నయం చేసుకోవడం ఎవరి చేతుల్లోనూ లేదు. ఫిబ్రవరి 6న ఆయన వెళ్లిపోయారు. ఈ దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో వచ్చింది. 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. యాభై ఏళ్లు ముందు పుట్టినందుకు ఎంత మూల్యం!

ఇంకో సంగతి ఆలోచించండి. భర్తకే ఇరవై ఎనిమిది నిండలేదంటే సత్యవాణి గారి వయసెంత? వీరేశలింగం గారు పోయి అప్పటికి ఆరేళ్లే. ఆయన పుట్టిన ఊళ్లోనైనా ఆ రోజుల్లో భర్త పోయిన ఆడదాని బతుకు ఎలా ఉంటుందో మన ముసలమ్మల్ని అడిగితే చెబుతారు. రంగు చీర తీసేస్తారు, పూలు తీసేస్తారు, బొట్టు తీసేస్తారు. పుష్పాలంకరణ గీసినవాడి ఇంట్లో! ఆ లోకంలో రంగుల పెట్టె అనేది ఒకటి చేతికి అలవాటైన ఆడది అంటే మామూలు విషయం కాదు.

బడి మూతపడలేదు

చిత్రకారుడు పోతే సాధారణంగా ఏమవుతుంది? కాన్వాసులు అటక మీదికి పోతాయి. స్కెచ్ పుస్తకాలు చెదలు తింటాయి. ఎవరో బంధువు ఒకటి, స్నేహితుడు ఒకటి పట్టుకుపోతారు. పాతికేళ్లకు పేరు మిగలదు. ఇక్కడ అలా జరగలేదు. వరదా వెంకటరత్నం గారు స్నేహితుడి బడిని తన భుజాన వేసుకున్నారు. ఏళ్ల తరబడి నడిపారు, శిష్యుల్ని తయారుచేశారు. కుటుంబం, మిత్రులు కలిసి బొమ్మల్ని ఒక్కచోట ఉంచారు. అందుకే ఇవాళ రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి పేరున చిత్రశాల ఉంది. ఒక మనిషి నాలుగైదేళ్ల పని ఇంత మొత్తంగా ఒకే కప్పు కింద దొరకడం మన తెలుగునాట చాలా అరుదు.

కూల్డ్రే దొర 1919లో జబ్బుచేసి ఇంగ్లండ్ వెళ్లిపోయారు. రాజమండ్రి రోజుల్ని మరచిపోలేక 1924లో సౌత్ ఇండియన్ అవర్స్ అనే పుస్తకం వేశారు. అది వచ్చిన మరుసటి ఏడాదే శిష్యుడు పోయాడు. గురువు మాత్రం 1958 దాకా బతికారు.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. మా వైపువాళ్లు లింగంపల్లిలో రాత్రి గౌతమి ఎక్కితే తెల్లారేసరికి రాజమండ్రి. స్నానం చేసి, టిఫిన్ తిని, తీరిగ్గా గోదావరి గట్టు వైపు నడవండి. పిల్లలతో వెళితే పెద్ద చిత్రాల దగ్గర తొందరపడతారు. ముందు వాళ్లని పెన్సిల్ స్కెచ్‌ల దగ్గరికి తీసుకెళ్లండి. నూనె రంగుల ముందు రెండడుగులు వెనక్కి జరిగి, తల కాస్త పక్కకు వంచి చూడండి. కిటికీ వెలుగు రంగు మీద మెరుస్తూ అడ్డొస్తుంది, అలా చూస్తే పోతుంది. పుష్పాలంకరణ దగ్గర మాత్రం ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలబడండి. ఆ తరువాత సత్యవాణి గారి పేరు, బుచ్చికృష్ణమ్మ గారి పేరు ఏ బొమ్మ కింద ఉన్నాయో అడిగి మరీ చూసి రండి. నేను వెళ్లింది పోయిన మాఘమాసంలో. మాతో వచ్చిన అమ్మాయిల్లో ఒకరు బుచ్చికృష్ణమ్మ గారి పేరు తన నోట్‌బుక్కులో రాసుకుంది.